లాభం, టూ, త్రీ

వాన వస్తే బడికి సెలవు. వ్యాను వస్తే బడికే సెలవు. ఈ రెండో సెలవంటేనే నాజియా టీచర్‌కి హడల్.

నాగాయలంకలో ఆటో ఎక్కి అరగంట పోతే తారురోడ్డు అయిపోతుంది, ఆ తర్వాత రొయ్యల చెరువులూ అయిపోతాయి. ఇక మన పని కూడా అయిపోయిందిరా బాబూ అనుకునేలోపు రొయ్యలదిబ్బ వస్తుంది. అరవై గడప, ఇరవై పడవ, ఒక బడి. ఆ బడిలో ఒకటీ రెండూ తరగతులకి కలిపి పద్నాలుగు మంది పిల్లలు. వాళ్లందరికీ కలిపి ఒక్క టీచరు, నాజియా. సొంతూరు బందరు. నాగాయలంకలో గది తీసుకుని ఉంటుంది. శనివారం సాయంత్రం బందరు బస్సెక్కుతుంది, సోమవారం పొద్దున్నే కళ్లు నులుముకుంటూ దిగుతుంది.

ఇంగ్లీషులో కొన్ని అక్షరాలు సైలెంటు. రొయ్యలదిబ్బలో ఇంగ్లీషు పీరియడ్ వస్తే పిల్లలే సైలెంటు. అప్పటిదాకా రేవులో అలల కంటే పెద్దగా అరిచినవాళ్లు, పుస్తకం తెరవగానే ఎండబెట్టిన సావిడాయ చేపల్లా వరసగా పడి ఉంటారు. నాజియా ఊరుకునే మనిషి కాదు. సొంత డబ్బుతో రంగురంగుల ఫ్లాష్ కార్డులు అచ్చేయించి, లామినేషన్ కూడా చేయించి తెచ్చింది. అవి మొదటిరోజే ఫ్లాప్ కార్డులైపోయాయి.

"ఏ ఫర్ ఆపిల్" అని కార్డు ఎత్తితే, రెండో తరగతి పోతురాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ముల్లుంటదా టీచర్?" అని అడిగాడు.

"ఐ ఫర్ ఇగ్లూ. ఇది ఐసు గడ్డలతో కట్టిన ఇల్లు" అంటే క్లాసంతా కళ్లు పెద్దవి చేసింది. మొత్తానికి ఒక్క కార్డు పారిందని ఆవిడ సంబరపడేలోపే, "ఇంత ఐసు పెట్టుకుని లోపల చేపలెయ్యలేదేంటి టీచర్, దండగ కదా!" అన్నాడు మళ్లీ పోతురాజే.

వాడన్నదీ నిజమే. ఆ ఊళ్లో చేపకి ఐసు తగ్గితే వయసు పెరుగుతుంది.

ఇలా ఉండగా ఒక సోమవారం మధ్యాహ్నం గంగాదేవి బడికి వచ్చింది.

గంగాదేవి అంటే రేవులో వేలంపాట పాడే మనిషి. పడవలు ఒడ్డుకి రాగానే చేపల్ని పోగులు పెట్టి, ధర పలికించి, గుడివాడ నుంచీ బందరు నుంచీ వచ్చిన కొనుగోలుదార్లకి అప్పజెప్పేది ఆవిడే. ఊరికే మీనమేషాలు లెక్కపెట్టే రకం కాదు. మేషాల సంగతి మనకి తెలీదు గానీ, మీనాలు లెక్కపెట్టడంలో మాత్రం ఆవిడ తర్వాతే ఎవరైనా. టీచరుది పాఠం, గంగాదేవిది పాట. పాఠానికి ఒత్తుంది, పాటకి ఒత్తిడుంది, తేడా అంతే. ఊళ్లో ఆవిడ ఎటు తిరిగితే అరవై గడపా అటే తిరుగుతుంది. ఆవిడ మనవరాలు సాయిదుర్గ రెండో తరగతి.

"టీచరమ్మా, నాగాయలంక కాన్వెంటు వ్యాను మనూరికి కూడా వస్తానంటంది. ఆ డ్రైవరు తన కొడుకుని తెచ్చి నా ముందు నిలబెట్టాడు. ఆడు గడగడా గడగడా ఇంగ్లీషు! మన పిల్లకి రెండేళ్ల నుంచి చెప్తన్నారు. ఏదీ ఒక్క ముక్క?"

"వస్తుంది మామ్మగారూ. కొంచెం టైము..."

"టైమా? పోటు దిగిపోయాక పడవెట్టా కదులుద్దమ్మా? ఇదిగో, నాకు ఏబీసీడీలు తెలవ్వు. నాకు తెలిసిందల్లా అమ్మకం. అమ్మలేని భాష నా మనవరాలికెందుకు? శనారం పొద్దున రేవులో ఒక్క పోగు, ఒకే ఒక్క పోగు, ఇది ఇంగ్లీషులో పాట పాడి అమ్మాలి. అమ్మిందా, వ్యాను వాణ్ణి అటునుంచి అటే పంపిస్తా. లేదా, సోమారం నుంచి పిల్ల వ్యానెక్కుద్ది."

సాయిదుర్గ వ్యానెక్కితే మిగతా పదముగ్గురూ ఎక్కుతారు. పిల్లలు లేని బడికి తాళం పడుతుంది. గంగాదేవి వెళ్లిపోయాక నాజియా వంట షెడ్డు దగ్గరకెళ్లి పీట మీద కూలబడింది. మధ్యాహ్న భోజనం వండే సుభాషిణి గరిటె కడుగుతూ, "అదేంటి టీచర్ గారూ, బడి ఎత్తేస్తే మిమ్మల్ని బందరు పక్కకే వేస్తారేమో. మీకు మంచిదేగా!" అంది.

నిజంగా మంచిదే. సోమవారం బస్సు తప్పుతుంది, అమ్మ చేతి కూడు దొరుకుతుంది. కానీ నాజియాకి ఆ మంచి అక్కర్లేదు. ఈ పద్నాలుగు మంది ఇక్కడే ఉండాలి, తను ఇక్కడే ఉండి వీళ్ల నోళ్లు తెరిపించాలి. ఎందుకని అడిగితే ఏం చెబుతుంది? ఆపిల్‌కి ముల్లుంటుందా అని అడిగేవాడు బందరులో దొరుకుతాడా?

పిల్లలు వలస పోకూడదంటే వల వెయ్యాలి. ఏ వల?

సమాధానం మంగళవారం అన్నాల వేళ తనంతట తనే దొరికింది. కంచాలు కడిగేసిన పిల్లలు వరండాలో గుల్లలు పోగులు పోసి ఆట మొదలెట్టారు. సాయిదుర్గ నడుమ్మీద చెయ్యేసుకుని, అచ్చం నాయనమ్మ గొంతుతో, "రాండి బావా రాండి! కంటిలో కళ చూడండి, ఇప్పుడే వల్లోంచి దిగింది!" అని కేకేస్తోంది. క్లాసులో ఉలుకూ పలుకూ లేని ఒకటో తరగతి బుడంకాయలు ఎగిరెగిరి పాట పెంచుతున్నారు. పోతురాజు బేరం నచ్చక నేలమీద పడి దొర్లుతున్నాడు. అది కూడా బేరంలో భాగమేనట. రేవులో వాళ్ల మావయ్య చేస్తాడట.

'గాలం వేస్తే గానీ వీళ్లు గళం విప్పరు' అనుకుంది నాజియా.

బుధవారం పొద్దున ఫ్లాష్ కార్డుల్ని బీరువాలో పెట్టేసింది. పాత క్యాలెండర్ అట్టలు, కత్తెరలు, రంగు పెన్సిళ్లు ముందర వేసింది. మధ్యాహ్నానికల్లా క్లాసులో నూటయాభై అట్టచేపలు. పండుగప్పలు, చందువలు, పీతలు, రొయ్యలు. పోతురాజు ఒక ఇగ్లూ కూడా చేసి, అందులో తన సరుకంతా దాచుకున్నాడు. సుభాషిణి రెండు తట్టలిచ్చింది. బల్లలు పక్కకి జరిపితే క్లాసే రేవైపోయింది.

"ఒక్కటే షరతు. ఈ రేవులో ఇంగ్లీషే చెల్లుతుంది. తెలుగు మాట దొర్లితే ఒక చేప జరిమానా" అంది నాజియా.

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చేప పోవడమంటే మాటలా! కానీ మాటలుంటేనే కదా చేప ఉండేది. "టీచర్, తాజా అంటే ఏంటి?" "ఫ్రెష్." "పెద్దది?" "బిగ్." "కుదరదు పో అంటే?" "నో, గో." "వాసన రావట్లేదు అంటే?" "నో స్మెల్." రెండేళ్లుగా ఆవిడ అడుగుతుంటే వాళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు వాళ్లు అడుగుతుంటే ఆవిడకి నోరు మూసే తీరిక లేదు. సాయంత్రానికి పోతురాజు నేలమీద దొర్లుతూ "నో! నో! టూ మచ్! ఐ గో హోమ్!" అంటున్నాడు. దొర్లడంలో పాత పద్ధతే, దొర్లే మాటలే కొత్త.

గురువారం వచ్చింది చిక్కు. సాయిదుర్గ ఒక పోగు అమ్మేసి, కొన్నవాడి తట్టలోకి చేపలు లెక్కపెడుతూ పడేస్తోంది. "లాభం... టూ... త్రీ... ఫోర్... ఫైవ్... సిక్స్... సిక్స్ అండ్ వన్... ఎయిట్..."

నాజియాకి నవ్వాగలేదు. దివిసీమలో చేపలైనా ధాన్యమైనా కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు తగులుతుందని ఆరున్నొకటి అంటారు. అది ఆవిడకీ తెలుసు. కానీ శనివారం పరీక్ష కదా, తప్పు తప్పే.

"సాయీ, వన్ అనాలమ్మా."

వన్ అనమంటే వనవాసం వెళ్లమన్నట్టు చూసింది పిల్ల.

"నిన్న లెక్కల క్లాసులో వన్ ప్లస్ వన్ అన్నావు కదా?"

"అయ్యి లెక్కలు టీచర్. ఇయ్యి చేపలు."

ఆ మాట దగ్గర టీచరు ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆగలేదు. "లాభం తెలుగు మాట. రూలు రూలే, చేప ఇవ్వు" అని చెయ్యి చాచింది. సాయిదుర్గ తన పండుగప్పకేసి చూసుకుంది, టీచర్ చేతికేసి చూసింది. గంగాదేవి మనవరాలు చేపని ఊరికే వదులుకుంటుందా? కళ్లు గట్టిగా మూసుకుని, "వన్!" అంది. క్లాసంతా చప్పట్లు. నాజియా అందరికంటే గట్టిగా కొట్టింది.

శుక్రవారం పొద్దున బడి గంట కొట్టకముందే గంగాదేవి గొంతు మోగింది.

"టీచరమ్మా! ఎంత పని చేశావ్!"

వెనకాల సాయిదుర్గ, ఏడ్చి ఏడ్చి మొహమంతా ఉప్పుచేపలా చేసుకుని నిలబడి ఉంది. జరిగిందేమిటంటే, పిల్ల ఉత్సాహం పట్టలేక తెల్లవారగానే నాయనమ్మతో రేవుకెళ్లింది. ఆ రోజు మొదటి పోగు, మొదటి చేప తట్టలో పడగానే, ఊరంతా వినేటట్టు "వన్!" అని అరిచింది. వన్ అంటే ఏంటే అని నాయనమ్మ అడిగితే, ఒకటి అని చెప్పింది. ఆ తర్వాత ఐసు లారీ రాలేదు. ఐసు లేదని కొనేవాళ్లు సగం మంది వెనక్కి తిరిగారు. గంగాదేవి సరుకు సగం ఎండుచేపల బల్లల మీదికి పోయింది.

"ముప్పయ్యేళ్లుగా చేప లెక్కలో నా నోట ఒకటి అన్న మాట రాలేదు. నా మనవరాలి నోట పలికించావు కదమ్మా! ఒకటంటే లాభం పోయి సరుకే మిగుల్తది. మిగిలిందిగా!"

"మామ్మగారూ, ఐసు లారీ రాకపోవడానికీ..."

"రేపు పాటా లేదు, గీటా లేదు. సోమారం వ్యాను." గంగాదేవి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

అన్నాల వేళ నాజియా బందరులో ఉన్న తాత ఖుద్దూస్‌కి ఫోన్ చేసింది. ఆయన వయసులో ఉండగా కలంకారీ దుప్పట్ల వ్యాపారం చేశాడు. ఆయనతో చెప్పుకుంటే కాస్త ఓదారుస్తాడనుకుంది. ఆయన అంతా విని పకపకా నవ్వాడు.

"దాదా! ఇక్కడ బడి మునిగిపోతుంటే నవ్వుతావేంటి?"

"మునగదా మరి? తప్పు నీదేనే బేటీ. కొట్లో దుప్పట్ల మడతలు లెక్కపెట్టి మూట కట్టేవాణ్ణి, గుర్తుందా? నా ఒళ్లో కూర్చునేదానివి. మొదటి దుప్పటికి ఏమనేవాణ్ణి?"

నాజియాకి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మొదటి దుప్పటి మడత, గంజి వాసన, తాత గొంతు. "బర్కత్... దో... తీన్..."

"బర్కత్ అనేవాడివి. ఇక్కడ లాభం అన్నట్టే."

"ఏక్ అని ఒక్కసారైనా అన్నానా?"

"లేదు."

"నీకు చిన్నప్పుడు ఎవరైనా వచ్చి ఏక్ అనవే పిల్లా, లేకపోతే దుప్పటి లాక్కుంటా అంటే?"

"ఏడ్చేదాన్ని" అంది నాజియా చిన్నగా.

"ఊఁ. మీ రేవు మామ్మగారు నా సైడే" అని ఫోన్ పెట్టేశాడాయన.

అయ్యి లెక్కలు టీచర్, ఇయ్యి చేపలు. పిల్లకి వన్ రాక కాదు. ఎక్కడ అనాలో, ఎక్కడ అనకూడదో కూడా వచ్చు. పడవలోకి చెప్పులతో ఎక్కకూడదని తెలిసినట్టే. రానిది తనకే. పైగా దానికి జరిమానా కూడా వసూలు చేసింది!

మధ్యాహ్నం క్లాసులోకి వెళ్లగానే నాజియా సాయిదుర్గ ముందు ఒక అట్ట పండుగప్ప పెట్టింది.

"నిన్న నేను తప్పు చెప్పాను. ఇది నా జరిమానా."

టీచర్ జరిమానా కట్టడం పోతురాజు జన్మలో చూడలేదు. ఇగ్లూలోంచి తల బయటపెట్టాడు.

"రేవులో మొదటి చేపకి ఏమంటారు?" అని అడిగింది నాజియా.

"లాభం!" పద్నాలుగు గొంతులు.

"దాన్ని ఇంగ్లీషులో అడిగే బుద్ధి మీకు లేదు, చెప్పే బుద్ధి నాకు లేదు. ప్రాఫిట్!"

"ప్రాఫిట్!"

"లెక్కల్లో?"

"వన్!"

"రేవులో?"

"ప్రాఫిట్!" పైకప్పు రేకుల మీది కాకులు లేచిపోయాయి.

శనివారం సూర్యుడు ఇంకా మడ చెట్ల వెనకే ఉండగా నాజియా ఆటో దిగి రేవుకి వచ్చింది. ఆవిడ వెనక బడి బడంతా, పద్నాలుగు మందీ. ఐసు లారీ వచ్చి ఉంది. గంగాదేవి చూసీ చూడనట్టు పోగులు సర్దుకుంటోంది.

"మామ్మగారూ, నేను తప్పు చేశాను. పిల్లది కాదు. మాటిచ్చారు కదా, ఆ ఒక్క..." నాజియా నాలుక్కరుచుకుని మింగేసింది. "ఆ లాభం పోగు దానికివ్వండి."

గంగాదేవి తల ఎత్తింది. టీచరమ్మ మింగిందేమిటో ఆవిడకి తెలిసింది. కాలితో ఒక పోగుని కాస్త ముందుకి నెట్టింది. తొమ్మిది పండుగప్పలు.

సాయిదుర్గ తిరగేసిన ఐసు డబ్బా మీదికెక్కింది. నడుమ్మీద చెయ్యేసింది.

"కమ్! కమ్! ఫ్రెష్ ఫిష్! బిగ్ ఫిష్! లుక్ ఐస్! నో స్మెల్!"

రేవంతా అటు తిరిగింది. ముందుగా వచ్చినవాడు గుడివాడ దయానందం. దయ పేరులోనే గానీ బేరంలో ఉండదు ఆయనకి. రొయ్యల కంపెనీల చుట్టూ తిరిగి నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టాడు. వాటిని వాడే అవకాశం ఇన్నాళ్లకి దొరికింది.

"హౌ మచ్?" అన్నాడు మీసం తిప్పుతూ.

"యూ టెల్!" అంది పిల్ల.

ఆయన ఒక ధర చెప్పి, "స్మాల్ ఫిష్" అని పెదవి విరిచాడు.

"నో! ఐ స్మాల్. ఫిష్ బిగ్!"

రేవు పగిలిపోయేటట్టు నవ్వులు. బందరు నుంచి వచ్చిన బెన్నీ అనే కుర్ర వ్యాపారి ఆ నవ్వులోనే పాట పెంచాడు. దయానందం వదుల్తాడా, ఇంకాస్త పెంచాడు. బెన్నీ మళ్లీ పెంచబోయి ఆగాడు. కింద నుంచి పోతురాజు అరిచాడు. "వై స్టాప్? గో! గో!" బెన్నీ నవ్వుతూ చేతులెత్తేశాడు. పోగు దయానందానిది.

ఇప్పుడు లెక్క. సాయిదుర్గ డబ్బా దిగి మొదటి పండుగప్పని రెండు చేతులా ఎత్తింది. అది దాదాపు పిల్లంత ఉంది. గంగాదేవి కొంగు చివర గట్టిగా పట్టుకుంది.

"ప్రాఫిట్!"

చేప తట్టలో దబ్బున పడింది.

"ఏమందది?" అంది గంగాదేవి.

"లాభం అందమ్మా" అన్నాడు దయానందం.

"ఇంగిలీసులోనా?"

"ఇంగిలీసులోనే."

"టూ... త్రీ... ఫోర్... ఫైవ్... సిక్స్... సిక్స్ అండ్ వన్..."

"ఆగాగు. ఇది ఆరున్నొకటేగా?"

"అదేనమ్మా."

"ఎయిట్... నైన్!" తట్ట నిండింది.

గంగాదేవి పట్టుకున్న కొంగు వదిలింది. తర్వాత నాజియా వైపు తిరిగి, "నేనింకా ఈ భాషలో లాభం లేదనుకున్నానమ్మా" అంది. అని, పక్క పోగులోంచి ఒక చందువని తీసి ఆకులో చుట్టి ఆవిడ చేతిలో పెట్టింది. "బందరెళ్తావుగా సాయంత్రం? ఐసు ఎయ్యించుకో. ఇంట్లో పెద్దోళ్లెవరన్నా ఉన్నారా?"

"మా తాత ఉన్నారు."

"ఆయనకి పెట్టు. మనవరాలిని బాగానే పెంచాడు, కాస్త ఆలస్యంగా తెలుసుద్దంతే."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నాజియా హాజరు పట్టీ తెరిచింది. అప్పుడే రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. పద్నాలుగు తలలూ కిటికీ వైపు తిరిగాయి. హారన్ రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. ఆ వెనకే ఇంకా గట్టిగా గంగాదేవి గొంతు మోగింది.

"నో! గో!"

వ్యాను వెనక్కి తిరిగి, దుమ్ము రేపుకుంటూ చెరువుల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ రెండు మాటలు ఆవిడకి ఎవరు నేర్పారో సాయిదుర్గ నవ్వు చూస్తేనే తెలుస్తోంది.

నాజియా పెన్ను అందుకుంది. పట్టీలో మొదటి పేరు సాయిదుర్గది. రోజూ "రోల్ నంబర్ వన్" అని మొదలెట్టే మనిషి, ఆ పేరు మీద పెన్ను పెట్టి కాస్త ఆగింది. ఇవి లెక్కలా, చేపలా? రెండూ కాదు. పోకుండా మిగిలిన పద్నాలుగు మంది.

"రోల్ నంబర్ ప్రాఫిట్!"

"ప్రెజెంట్ టీచర్!" అంటూ సాయిదుర్గ ఎగిరి నిలబడింది.

వరసలో తన వంతు ఎప్పుడొస్తుందా అని వెనక బల్ల మీద పోతురాజు అప్పుడే సగం లేచి ఉన్నాడు. వాడిది ఆరున్నొకటో నంబరు.